ఇరవై మైళ్ల దగ్గర పడిన టాప్ గేరు

మా ఫ్లాట్లలో రెండో అంతస్తులో ఒక తెలుగు పిల్ల ఉంది. ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చదివి గుర్గావ్‌లో ఒక సర్వీసు సెంటర్లో చేరింది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది, అదో అలవాటు. మొన్న లిఫ్టు దగ్గర పట్టుకుని, పాత బండ్ల మీద పనిచేశారు కదా అంకుల్, మాలాంటి వాళ్ల కోసం ఏదైనా రాసిపెట్టండి అంది.

సరే, రాస్తున్నాను. నేనెప్పుడు చేరాను, ఫోర్‌మన్ ఎప్పుడయ్యాను లాంటివి రాయను. అవి చదివితే ఎవరికీ ఒక నట్టు బిగించడం కూడా రాదు. ఒక్క బండి గురించి రాస్తాను. ఆ బండి దగ్గర నేను రెండు తప్పులు చేశాను. మొదటిది తెలియక చేసింది, మా ఉస్తాద్ సరిదిద్దాడు. రెండోది తెలిసే చేశాను. దాన్ని ఎవరూ సరిదిద్దలేకపోయారు.

నేనిది రాస్తుంటే మా ఆవిడ పక్కన కూచుని బఠానీలు ఒలుస్తూ, "ఆ సిస్టర్ సంగతేనా?" అంది. ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ల కాపరంలో దాచడానికేముంటుంది.

క్లచ్ పెడల్ లేని బండ్లు

మాది బెజవాడ. లారీల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. డెబ్భైల్లో ఢిల్లీ వచ్చి కశ్మీరీ గేట్ వెనక సందులో ఒక సర్దార్జీ వర్క్‌షాపులో చేరాను. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. దేశం రెండు ముక్కలైనప్పుడు లాహోరు నించి పానాల సంచి ఒక్కటి భుజాన వేసుకుని వచ్చినవాడు. ఆ రోజుల్లో ఢిల్లీ మొత్తం మీద ఆటోమేటిక్ గేర్‌బాక్సు విప్పి మళ్లీ బిగించగలిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎంబసీల వాళ్లు వాడి వదిలేసిన అమెరికా బండ్లు, మిలిటరీ డిస్పోజల్లో వచ్చిన ట్రక్కులు మా సందులోకే వచ్చేవి. క్లచ్ పెడల్ లేని బండిని చూడగానే మిగతా మెకానిక్కులు దూరం నించే దణ్ణం పెట్టేవాళ్లు.

ఉస్తాద్ నోరు మంచిది కాదు. తిట్టాడంటే మన మీద ఇంకా ఆశ ఉందన్నమాట. నన్ను 'మద్రాసీ' అని పిలిచేవాడు. మద్రాసు వేరు, బెజవాడ వేరు అని ఏడాదిపాటు చెప్పి చూశాను. తరవాత నేనే మానేశాను. ఆయన రోజుకొకసారి అనే మాట ఒకటుంది. "మద్రాసీ, బండి తెచ్చినవాడికి నీ మొహం గుర్తుండకూడదు. గుర్తుందంటే బండి మళ్లీ మళ్లీ వస్తోందని అర్థం." అప్పుడది వింటే ఒళ్లు మండేది. పని బాగా చేస్తే మనల్ని మరిచిపోతారట, ఇదేం వృత్తి అనుకునేవాణ్ణి.

నాలుగు చుట్లు, అయిదు చుట్లు

పాత ఢిల్లీలో ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. వాళ్ల దగ్గర ఒక పాత అమెరికా ట్రక్కు ఉంది, ఆటోమేటిక్ గేరుది. దాని మీద డబ్బా కట్టి, లోపల ఒక మంచం, మందుల అలమర పెట్టి, వారానికి మూడుసార్లు యమునకి అవతల ఊళ్లకి పంపేవాళ్లు. అప్పట్లో అటంతా పొలాలు, గేదెలు, ఏటి గట్టు. ఆ గట్టుని ఇక్కడివాళ్లు పుష్తా అంటారు. ట్రక్కు పుష్తా ఎక్కాలి, దాని వెంబడే పోవాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి.

ఒకరోజు ఆ ట్రక్కుని తాళ్లు కట్టి లాక్కొచ్చారు. వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత డబ్బా ఉంటుంది చూడండి, అందులో క్రౌన్, పినియన్ అని రెండు పళ్ల చక్రాలుంటాయి. వాటి పళ్లు రాలిపోయాయి. అలాంటి జత ఢిల్లీలో దొరకలేదు. తుక్కు బజారంతా తిరిగి, అదే డబ్బాలో కూచునే ఇంకో జత పట్టుకొచ్చాం. కాకపోతే అది బరువులు లాగే ట్రక్కుది. పాత జతతో అయితే గేర్‌బాక్సు నించి వచ్చే షాఫ్టు నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేది. కొత్త జతతో అదే ఒక్క చుట్టుకి షాఫ్టు అయిదు చుట్లు తిరగాలి.

ఇందులో లాభముంది. లాగే బలం పెరుగుతుంది. మొదటిరోజు పుష్తా ఎక్కించి చూస్తే కొబ్బరిచెట్టు ఎక్కేవాడిలా చకచకా ఎక్కేసింది. డ్రైవరు రాంఫల్ హర్యానావాడు, సామాన్యంగా దేన్నీ మెచ్చుకోడు. వాడు కూడా మీసం దువ్వాడు. మేం చేతులు కడిగేసుకున్నాం.

నట్టుకి తెలుగొచ్చా?

రెండువారాల తరవాత శనివారం ట్రక్కు మళ్లీ వచ్చింది. నేను వేరే బండి కింద పడుకుని తుప్పు పట్టిన నట్టుతో కుస్తీ పడుతున్నాను. ఢిల్లీలో ఎవడికి అర్థమవుతుందిలే అన్న ధైర్యంతో దాన్ని మా ఊరి భాషలో తిడుతున్నాను. తల పక్కన తెల్లచీర అంచు, నల్లబూట్లు కనిపించాయి.

"ఏవండీ, నట్టుకి తెలుగొచ్చా?" అని అడిగిందో గొంతు.

బయటికొచ్చి చూస్తే నర్సు. చేతిలో నోటుపుస్తకం. పేరు ప్రేమలత. ఊరు నరసాపురం. ట్రక్కు మీద ఊళ్లు తిరిగే పని ఆమెదే, ఆ మంచానికీ అలమరకీ జవాబుదారీ ఆమే. అందరూ సిస్టర్ అనేవాళ్లు. నేను మాత్రం ప్రేమలతగారూ అనేవాణ్ణి. ఎందుకో మీరే ఊహించుకోండి.

"బండి ఊపేస్తోందండి," అంది. "గేరు పడుద్ది, మళ్లీ ఊడుద్ది, మళ్లీ పడుద్ది. వెనకాల మంచమ్మీద పేషెంటు పడుకుని ఉంటే ప్రాణం పోతోందండి. ఎక్కడెక్కడ ఊపిందో రాసుకొచ్చాను." నోటుపుస్తకం తెరిచింది. వంతెన దాటాక మూడు, పుష్తా మొదటి ఎక్కుడు అయిదు, గట్టు మీద లెక్కలేదు. అంతా గుండ్రటి తెలుగు అక్షరాలు. ఊరు వదిలిన తరవాత చేత్తో రాసిన తెలుగు చూసి నాకు చాలాకాలమైంది. ఆ కాయితాన్ని రెండుసార్లు చదివాను. బండి సంగతి తరవాత గుర్తొచ్చింది.

సూదిని నమ్మినవాడు

ఇదీ నా మొదటి తప్పు. రాంఫల్ పక్కన కూచుని పుష్తా దాకా వెళ్లాను. టాప్ గేరు తొందరగా పడుతోందని వాడు మొత్తుకుంటున్నాడు. ఈ బండికి టాప్ గేరు గంటకి ఇరవై అయిదు మైళ్ల వేగం దగ్గర పడాలి. నేను స్పీడు సూది కేసే చూస్తున్నాను. సరిగ్గా ఇరవై అయిదు దగ్గరే పడింది. మళ్లీ చూశాను, మళ్లీ అక్కడే. "గేరు బానే ఉంది, నీ కాలే బాగాలేదు. యాక్సిలరేటర్ మీద డాన్సు చేస్తున్నావు," అని రాంఫల్‌ని కడిగేశాను.

ఉస్తాద్‌కి చెబితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సూదికి చుట్లు ఎక్కణ్ణించి వస్తాయిరా?" అన్నాడు. తన చేతి గడియారం విప్పి ఇచ్చాడు. "పో. సూదిని చూడకు. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లని చూడు."

సూదిని ఇరవై అయిదు మైళ్ల మీద నిలబెట్టి నడిపించాను. ఆ లెక్కన రాయి నించి రాయికి నిమిషంన్నర పట్టాలి. నిమిషం యాభై సెకన్లు దాటింది. అంటే బండి నిజంగా పోతున్నది ఇరవై మైళ్లే.

ఇప్పుడు చెబుతాను, కాస్త నిదానంగా చదవండి. పాతకాలం ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి కళ్లు లేవు. దాని తోకలో గవర్నర్ అని చిన్న సామాను ఉంటుంది. వెనక్కి పోయే షాఫ్టుతోపాటు అదీ తిరుగుతుంది. అందులో రెండు చిన్న బరువులుంటాయి. షాఫ్టు వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విచ్చుకుని, ఇక పై గేరు వెయ్యమని ఆయిల్ ప్రెషర్‌తో కబురు పంపుతాయి. మేం క్రౌన్ పినియన్ మార్చి నాలుగు చుట్ల చోట అయిదు చుట్లు పెట్టాం. బండి ఇరవై మీదే ఉన్నా గవర్నర్‌కి ఇరవై అయిదు అనిపిస్తోంది. స్పీడు సూదికి పోయే కేబులు కూడా ఆ తోకలోంచే పోతుంది. గవర్నర్ ఏ అబద్ధం చెబితే సూదీ అదే చెబుతుంది. ఇద్దరు సాక్షులూ ఒక ఇంట్లో అన్నం తినేవాళ్లే.

అయితే గేరు తొందరగా పడితే కొంపేం మునుగుతుంది? మామూలు రోడ్డు మీదైతే ఏమీ కాదు. కానీ పుష్తా మీద బండి పోయేదే ఇరవై మైళ్లతో. ఇదివరకు ఇరవై అయిదు దాకా టాప్ పడేది కాదు గనక కింద గేరులో బుద్ధిగా పోయేది. ఇప్పుడు గేరు మారే చోటు సరిగ్గా ఆ ఇరవై మీదకొచ్చి కూచుంది. కాస్త పల్లమైతే పై గేరు, కాస్త మెరకొచ్చి యాక్సిలరేటర్ తొక్కితే కింద గేరు. పైకీ కిందికీ, పైకీ కిందికీ. పెడల్ లేకపోయినా లోపల క్లచ్ ప్లేట్లుంటాయి, అలా ఊగిన ప్రతిసారీ అవి రాసుకుని కాలుతుంటాయి. బయటివాడికి కుదుపు ఒక్కటే తెలుస్తుంది.

మర్నాడు రాంఫల్‌కి టీ ఇప్పించి క్షమించమన్నాను. "ఠీక్ హై భయ్యా," అన్నాడు. బండి నడిపేవాడు బాగాలేదన్నాడంటే బాగాలేనట్టే. మీ కంప్యూటర్ ఏం చూపించినా ముందు వాడి మాట వినండి.

కంసాలి త్రాసు

దీనికి చవక వైద్యం ఒకటుంది. యాక్సిలరేటర్ నించి గేర్‌బాక్సుకి పోయే కడ్డీని బిగిస్తే గేరు ఆలస్యంగా పడుతుంది. కానీ పడినప్పుడల్లా గుద్దినట్టు పడుతుంది. ముందు నేనదే చేశాను. రెండో శనివారం ఆమె మళ్లీ వచ్చింది. "ఇప్పుడు తక్కువసార్లు ఊపుతోందండి, కానీ ఊపితే పళ్లు కదుల్తున్నాయి," అంది.

అసలు వైద్యం గవర్నర్ బరువుల్ని తేలిక చెయ్యడం. తేలికైతే ఇంకా వేగంగా తిరిగితే గానీ విచ్చుకోవు, గేరు తిరిగి తన చోటుకి పోతుంది. బండిని వర్క్‌షాపులో నిలబెట్టుకోనక్కర్లేకుండా ఉస్తాద్ తన పాత సామాన్లలోంచి అలాంటివే రెండు బరువులు తీసిచ్చాడు. ఆకురాయితో కొంచెం కొంచెం రాయాలి. ఎక్కువ రాస్తే టాప్ గేరు ఎప్పటికీ పడదు. రెండూ గింజంత తేడా లేకుండా సమానంగా ఉండాలి. అందుకు ఉస్తాద్ పద్ధతి ఒకటుండేది, ఇంకెక్కడా నేను చూడలేదు. నగల బజారు దరీబాలో తనకి తెలిసిన కంసాలి దగ్గరికి పంపేవాడు. ఆ ముసలాయన బంగారం పక్కన పెట్టి, మా నూనె ముక్కల్ని తన త్రాసులో వేసి, కళ్లజోడు పైకి తోసి చూసేవాడు. రాయడం, పరిగెత్తడం, తూయించడం. మిగతా పనుల మధ్య వీలు చూసుకుని నాలుగువారాలు తిరిగాను. చివరికి ఒక గురువారానికి రెండు బరువులూ ఒక్క తూకానికి వచ్చాయి. కాయితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాను.

గవర్నర్‌కి గేర్‌బాక్సు దింపక్కర్లేదు. బయటి మూత తీస్తే చేతికొస్తుంది. గంట పని.

శనివారం

ఇక్కడ చెయ్యి ఆగిపోతోంది. అయినా రాయాలి.

ఆ శనివారాల కోసం నేనెలా ఎదురుచూసేవాణ్ణో మీకు చెప్పలేను. శుక్రవారమే చొక్కా ఉతుక్కునేవాణ్ణి. గోళ్లలో గ్రీజు పోవడానికి నిమ్మచెక్కతో రుద్దుకునేవాణ్ణి. ఉస్తాద్ చూసి, "మద్రాసీ, నీకేమైనా పెళ్లిచూపులా?" అనేవాడు. సామాను తయారయ్యేదాకా ఆమె ప్రతి శనివారం వచ్చి స్టూలు మీద కూచుని, నోటుపుస్తకం చదివి, మధ్యలో నరసాపురం కబుర్లు చెప్పేది. వాళ్ల నాన్న చర్చిలో గంట కొట్టేవాడట. పులసల కాలంలో గోదావరి ఎలా ఉంటుందో చెబుతుంటే, చేపలు తినని నాకు కూడా నోరూరేది. ఒకసారి మందుసీసాలో చింతకాయ పచ్చడి తెచ్చిచ్చింది. "సీసా శుభ్రంగా మరిగించానండి, భయపడకండి," అంది.

నేను ఆమెని ఒక్క మాట అడుగుదామనుకునేవాణ్ణి. ఆదివారం చర్చి అయ్యాక అశోకా రోడ్డుకి వస్తారా, మన భోజనం దొరుకుతుంది, తిందాం అని. అంతే. అద్దం ముందు నిలబడి అనుకునేవాణ్ణి. ఆమె ఎదురుగా కూచుంటే మాత్రం బండి సంగతే మాట్లాడేవాణ్ణి. సరేలే, వచ్చే శనివారం అడుగుదాం అనుకునేవాణ్ణి.

ఆ గురువారం తరవాతి శనివారం ట్రక్కు వచ్చింది. బరువులు నా జేబులో ఉన్నాయి. ఉస్తాద్ ఏదో పెళ్లికి అమృతసర్ వెళ్లాడు. గంట పని చేసేస్తే బండి బాగుపడుతుంది. బండి బాగుపడితే ఆమెకి ఈ సందులో పనేముంది?

"సామాను ఇంకా తయారవలేదండి. వచ్చే శనివారం తీసుకురండి," అన్నాను.

ఇంకో పాపం కూడా చేశాను. ఆ గేరు లివరు ఒక గాటు కిందికి లాగి పెడితే టాప్ పడదు, గట్టు మీద అలా నడిపితే క్లచ్ బతుకుతుంది. ఆ ఒక్క ముక్క రాంఫల్‌కి చెబితే చాలు. చెబితే కుదుపు పోతుంది, ఆమె రాదు. అందుకని అదీ చెప్పలేదు.

"సరేనండి, వస్తాను," అని నవ్వి వెళ్లింది. ఆ వారమంతా నేను గాల్లో నడిచాను.

బుధవారం ట్రక్కు పుష్తా సగం ఎక్కి ఆగిపోయింది. ఇంజను తిరుగుతోంది, చక్రం కదలదు. ప్లేట్లు మాడి, కాలిన ఆయిల్ కంపు. మంచం మీద నెలలు నిండి నొప్పులు పడుతున్న మనిషి. బిడ్డ అడ్డం తిరిగిందని ఆసుపత్రికి తెస్తున్నారు. ప్రేమలతగారు ఆ మనిషిని మంచంతో సహా మోయించి, పొలంలో ఉన్న ట్రాక్టరు ట్రాలీ ఎక్కించిందట. ఆసుపత్రి దాకా ఆ మనిషి తలని ఒళ్లో పెట్టుకునే ఉందట. దేవుడి దయ, తల్లీ బిడ్డా దక్కారు. ఇదంతా రాంఫల్ చెప్పాడు. "బిడ్డ ఏడుపు వినపడ్డాక సిస్టర్ గోడకానుకుని ఏడ్చింది," అన్నాడు.

ఉస్తాద్ అమృతసర్ నించి వచ్చాడు. "బరువులు వేశావా?" అని అడిగాడు. లేదన్నాను. తిడతాడని నిలబడ్డాను. తిట్టలేదు. లోపలికి వెళ్లిపోయాడు. ఆ తరవాత చాలా రోజులు నన్ను మద్రాసీ అని పిలవలేదు, పేరు పెట్టి పిలిచాడు. తిట్టు కన్నా అదే ఎక్కువ తగిలింది.

గంట పని

ఆసుపత్రి పెద్దలు కూచుని మాట్లాడుకున్నారు. ఈసారి దేవుడు కాపాడాడు, ఇంకోసారి కూడా కాపాడమని అడగలేం అన్నారట. వాళ్ల తప్పేం లేదు. ట్రక్కుని తుక్కుకి ఇచ్చేసి, ఊళ్లు తిరగడం ఆపేశారు.

తరవాతి సోమవారం మధ్యాహ్నం ప్రేమలతగారు ఆటోలో వచ్చింది. చేతిలో నోటుపుస్తకం లేదు. స్టూలు వేస్తే కూచోలేదు.

"నన్ను నరసాపురం వైపు ఆసుపత్రికి వేశారండి. ఇక్కడ నా పని లేదు కదా. ఇంటికి దగ్గర, మంచిదే," అంది. తరవాత, "ఒక్కటి అడుగుతాను. ఆ సామానేదో ముందే తయారై ఉంటే బండి బాగుపడేదా అండి?" అని అడిగింది.

ఆమెతో అబద్ధం చెప్పలేకపోయాను. జేబులోంచి కాయితం పొట్లం తీసి విప్పి చూపించాను.

"ఇవి ఎప్పుడు తయారయ్యాయండి?"

"గురువారం. మీరు చివరిసారి వచ్చిన శనివారానికి ముందు."

"వెయ్యడానికి ఎంతసేపు పడుద్ది?"

"గంట."

ఆమె ఆ రెండు ముక్కల కేసి చూసింది, తరవాత నా కేసి చూసింది. నా గోళ్లు ఆ పూట కూడా శుభ్రంగానే ఉన్నాయి. "మరెందుకు వెయ్యలేదండి?" అంది. ఆమెకి అప్పటికే అర్థమైందని నాకు తెలుస్తూనే ఉంది.

"వేస్తే మీరు మళ్లీ రారని," అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. కళ్లనిండా నీళ్లు తిరిగాయి, అంతే. పొట్లం తీసుకుని జాగ్రత్తగా మళ్లీ మడిచి నా చేతిలో పెట్టింది.

"బండి బాగున్నా వచ్చేదాన్నేనండి," అంది. "అడిగితే."

ఆటో ఎక్కి వెళ్లిపోయింది. తరవాత ఒక్క ఉత్తరం లేదు. నేనూ రాయలేదు. ఏం మొహం పెట్టుకుని రాయను? అశోకా రోడ్డులో ఆ భోజనం ఒక్కణ్ణే చాలా ఆదివారాలు తిన్నాను. ఎదుటి కుర్చీలో ఎవరైనా కూచోబోతే, మనిషి వస్తారని చెప్పేవాణ్ణి.

తరవాత ముప్ఫై ఏళ్లు పనిచేశాను. చేతికొచ్చిన గంట పనిని ఒక్కనాడూ మర్నాటికి పెట్టలేదు. ఆ ట్రక్కు ఎక్కిన పుష్తాకి దగ్గర్లోనే, మయూర్ విహార్లో ఇప్పుడు మా ఫ్లాటు ఉంది. పొలాలు పోయాయి, మెట్రో వచ్చింది. ఆ రోజు దక్కిన బిడ్డ ఈ చుట్టుపక్కల ఎక్కడైనా ఉంటే నలభై దాటి ఉంటుంది. బాల్కనీలో కూచున్నప్పుడు కింద ఏదైనా పాత బండి గేరు మారుస్తూ పోతే, ఎక్కడ పడిందా అని చెవి దానంతటదే వింటుంది. వినే కొద్దీ ఆమె గొంతు వినాలనిపిస్తుంది, ఈ వయసులో కూడా.

కాబట్టి అమ్మాయీ, ఇరుసులో జత మారిస్తే గవర్నర్ సంగతి చూడు. సూదిని నమ్మకు, రాళ్లని లెక్కపెట్టు. బండిని బాగుచేసి పంపెయ్యి, అది తిరిగి రాకపోతే సంతోషించు. ఎవరినైనా ఏదైనా అడగాలని ఉంటే నీ నోటితోనే అడుగు. బండి చేత అడిగించకు.